“నేను ఆ ఉద్దేశంతో అనలేదు” అంటే సరిపోతుందా?



పిల్లల మధ్య గొడవ వచ్చినప్పుడు టీచర్లం దాదాపు రోజూ వినే మాట ఒకటుంది. “మేడమ్, నేను జోక్‌గా అన్నాను. ఆ ఉద్దేశంతో అనలేదు.” ఇంట్లో అన్నదమ్ముల మధ్య, అక్కాచెల్లెళ్ల మధ్య మీరూ ఈ మాట వినే ఉంటారు. చాలాసార్లు అది నిజమే. పిల్లలు కావాలని బాధపెట్టరు. కానీ ఎదుట ఉన్న పాప కళ్లలో నీళ్లు కూడా నిజమే. ఈ రెండు నిజాల్లో దేన్ని చూడాలి?

ఇదే ప్రశ్న సినిమా నటులు, క్రికెటర్లు మాట్లాడిన మాటల దగ్గరా వస్తుంది. ఒకరి జాతి గురించో, రంగు గురించో, తెగ గురించో మైకులో ఒక మాట వస్తుంది. మర్నాటికి వీడియో అందరి ఫోన్లలో ఉంటుంది. ఒక వర్గం “ఆయన ఉద్దేశం అది కాదు” అంటుంది, ఇంకో వర్గం “ఉద్దేశం ఏదైతే మాకేంటి” అంటుంది. పిల్లలు ఈ వాదనలన్నీ చూస్తూనే ఉంటారు. మనం మాట్లాడకపోతే వాళ్లు కామెంట్లు చదివి నేర్చుకుంటారు. అందుకే ఈ నెల ఈ విషయం ఎంచుకున్నాను.

మన రాష్ట్రంలో జరిగినది

2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో ఉగ్రవాదులు 26 మందిని చంపారు. నాలుగు రోజుల తర్వాత, ఏప్రిల్ 26న హైదరాబాద్‌లో ‘రెట్రో’ సినిమా ప్రీ రిలీజ్ వేడుక జరిగింది. అతిథిగా వచ్చిన నటుడు విజయ్ దేవరకొండ ఆ దాడి గురించి ఆవేదనతో మాట్లాడారు. చదువు ముఖ్యమని, కలిసి ఉండాలని అన్నారు. ఆ క్రమంలోనే, ఇప్పుడు జరుగుతున్న హింసను ఐదు వందల ఏళ్ల కిందట ట్రైబల్స్ బుద్ధి లేకుండా కొట్టుకున్న తీరుతో పోల్చారు.

గిరిజన సంఘాలు, గిరిజన లాయర్లు అభ్యంతరం చెప్పారు, పోలీసులకు ఫిర్యాదు చేశారు. మే 3న ఆయన ఎక్స్‌లో ఒక ప్రకటన ఇచ్చారు. ఏ సమాజాన్నీ, ముఖ్యంగా షెడ్యూల్డ్ తెగలను బాధపెట్టాలన్న ఉద్దేశం తనకు లేదన్నారు. ‘ట్రైబ్’ అనే పదాన్ని చరిత్రలో, డిక్షనరీలో ఉన్న అర్థంలో వాడానని, ప్రపంచమంతటా మనుషులు తెగలుగా బతికిన పాత కాలం తన మనసులో ఉందని వివరించారు. బాధ కలిగి ఉంటే విచారిస్తున్నానని చెప్పారు. జూన్‌లో రాయదుర్గం పోలీస్ స్టేషన్‌లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు నమోదైంది. కేసు నమోదు కావడమంటే తప్పు రుజువు కావడం కాదు. అది కోర్టు చూసుకునే విషయం. మనం ఆయనకు ఇక్కడ తీర్పు చెప్పబోవడం లేదు. ఆయన ఇచ్చిన వివరణను మాత్రం జాగ్రత్తగా చూద్దాం. ఎందుకంటే మన పిల్లలు చెప్పే వివరణా ఇలాంటిదే.

డిక్షనరీలో ఒక అర్థం, చెవిలో ఒక అర్థం

నేను ఇంగ్లీష్ టీచర్‌ని. డిక్షనరీ లేకుండా నాకు రోజు గడవదు. ‘ట్రైబ్’ అంటే ఒకే మూలం, ఒకే ఆచారాలు ఉన్న జనసమూహం అని డిక్షనరీలో ఉంటుంది. ఆ మాట వరకు ఆయన చెప్పింది సరైనదే. కానీ డిక్షనరీ ఒక పదానికి ఉండగల అర్థాలు చెబుతుంది. ఎవరి ముందు అంటున్నామో దాన్ని బట్టి ఏ అర్థం వినిపిస్తుందో చెప్పదు.

మన దేశంలో ‘ట్రైబల్’ అనేది పాత చరిత్ర పుస్తకంలోని పదం కాదు. స్కాలర్‌షిప్ ఫారంలో, హాస్టల్ బోర్డు మీద, కుల ధ్రువీకరణ పత్రంలో ఉండే పదం. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణ జనాభాలో సుమారు 9 శాతం మంది గిరిజనులు. మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ బ్రాంచీలకు చివ్వెంల, పాలకీడు, దామరచర్ల వైపు తండాల నుంచి వచ్చే పిల్లలు ఉన్నారు. తెలంగాణలో లంబాడాలను షెడ్యూల్డ్ తెగల్లో చేర్చింది 1976 నాటి చట్టం. అంటే ఈ పిల్లల తాతలు, నాయనమ్మలు చూస్తుండగా జరిగిన మార్పు.

ఆ పదానికి ఇంకా పాత బరువు కూడా ఉంది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేర జాతుల చట్టం తెచ్చింది. ఇంగ్లీషులో దాని పేరులోనే ‘ట్రైబ్స్’ అనే మాట ఉంది. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ ఊరూరా తిరిగిన బంజారాలను కూడా కొన్ని ప్రాంతాల్లో ఆ జాబితాలో పెట్టారు. ఏ తప్పూ చేయకపోయినా, ఆ జాతిలో పుట్టారు కాబట్టి పోలీసు నిఘాలో ఉండాల్సి వచ్చింది. ఆ చట్టం రద్దయింది 1952లో. ఇంత జరిగాక, ‘ట్రైబల్స్’, ‘బుద్ధి లేకుండా కొట్టుకోవడం’ ఒకే వాక్యంలో పక్కపక్కన వస్తే విన్నవాళ్లకు డిక్షనరీ గుర్తొస్తుందా, ఇంట్లో పెద్దవాళ్లు పడిన మాటలు గుర్తొస్తాయా?

ఇంకో సంగతి గమనించండి. అక్కడ నొప్పి పదంలో కంటే పోలికలో ఉంది. పాత కాలపు తెగలనే అర్థంలో తీసుకున్నా, హింసకూ తెలివితక్కువతనానికీ ఉదాహరణగా తెగలే ఎందుకు గుర్తుకు రావాలి? ఐదు వందల ఏళ్ల కిందట రాజులు చేయని యుద్ధాలా? ఈ పోలిక ఒక్క నటుడి నోట పుట్టింది కాదు. మనందరి భాషలో ఎప్పటి నుంచో ఉంది. ఆలోచించకుండా మాట్లాడితే నోటికి వచ్చేది అదే.

ఈ విషయం మీద ఎనిమిదో తరగతిలో చర్చ పెట్టాను. క్లాస్ రెండుగా చీలిపోయింది. హీరో అభిమానులు గట్టిగానే వాదించారు. చివరి బెంచీలో ఉన్న ఒక అబ్బాయి మాత్రం ఒక్క మాట అన్నాడు: “మేడమ్, ఆయన మంచోడే కావచ్చు. కానీ నేను మా ఇంట్లో ఆ వీడియో పెట్టలేను.” ఆ తర్వాత ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఆ అబ్బాయి నటుడిని తిట్టలేదు, శిక్ష అడగలేదు. ఆ మాట తన ఇంటి గుమ్మం దాటి లోపలికి వస్తే ఏమవుతుందో మాత్రమే చెప్పాడు.

ప్రేమగా పిలిచిన పేరు

రెండో ఉదాహరణ మన హైదరాబాద్ పేరు ఉన్న క్రికెట్ టీమ్‌ది. వెస్టిండీస్‌కు 2012, 2016 టీ20 ప్రపంచ కప్‌లు అందించిన కెప్టెన్ డారెన్ సామీ 2013, 2014 సీజన్లలో సన్‌రైజర్స్ హైదరాబాద్‌కు ఆడాడు. కొన్ని మ్యాచ్‌లకు కెప్టెన్‌గా కూడా ఉన్నాడు. అప్పట్లో తనను, శ్రీలంక ఆటగాడు తిసార పెరీరాను టీమ్‌లో ‘కాలూ’ అని పిలిచేవారని 2020 జూన్‌లో అతను చెప్పాడు. అది బలమైన మనిషి అని మెచ్చుకునే పేరేమో అనుకుని అప్పుడు తనూ అందరితో కలిసి నవ్వానన్నాడు. అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ మరణం తర్వాత జరిగిన చర్చల్లో, ఒక టీవీ కార్యక్రమం చూసి, ఆ మాటకు అసలు అర్థం తెలుసుకున్నాడు. చాలా కోపం వచ్చిందని, అలా పిలిచినవాళ్లు తనతో మాట్లాడాలని వీడియో పెట్టాడు.

కొన్ని రోజులకు ఒక సహచరుడు అతనితో మాట్లాడాడు. ప్రేమతోనే అలా పిలిచానని చెప్పాడు. సామీ ఆ మాట నమ్మాడు. గొడవ పెంచుకోవడం కంటే ఇలాంటి మాటల గురించి నలుగురికీ తెలియజెప్పడం మీద దృష్టి పెడదామన్నాడు.

ఇందులో మూడు విషయాలు పిల్లలకు చెప్పదగ్గవి. ఒకటి, ఎదుటివాళ్లు నవ్వారంటే ఒప్పుకున్నట్టు కాదు. అర్థం తెలియక నవ్వి ఉండవచ్చు, గుంపులో ఒంటరి కాకూడదని నవ్వి ఉండవచ్చు. రెండు, ప్రేమతో అన్నా ఆ పేరు ఆ మనిషిని రంగుతో కొలిచింది. అర్థం తెలిసిన రోజున పాత నవ్వులన్నీ అతనికి చేదుగా మారాయి. మూడు, ఉద్దేశం చెడ్డది కాదని తెలిశాక సామీ క్షమించగలిగాడు. అంటే ఉద్దేశానికి విలువ ఉంది. కానీ ఆ విలువ క్షమించడం దగ్గర పనికొచ్చింది. ఆ పేరును మళ్లీ వాడుకోవడానికి పనికిరాలేదు.

మనవాడి దాకా వస్తే

ఇదే విషయాన్ని అటువైపు నుంచి చూద్దాం. 2021 జనవరిలో సిడ్నీ టెస్టులో మన హైదరాబాదీ మహ్మద్ సిరాజ్‌ను ప్రేక్షకుల్లో కొందరు జాత్యహంకారంతో దూషించారు. నాలుగో రోజు ఆట కాసేపు ఆగింది. ఆరుగురు ప్రేక్షకులను స్టేడియం నుంచి బయటికి పంపారు. ఆ తర్వాత విచారణలో ఆ ఆరుగురూ దూషించినవాళ్లు కాదని తేల్చినా, భారత ఆటగాళ్లు జాతి దూషణకు గురయ్యారన్నది నిజమేనని క్రికెట్ ఆస్ట్రేలియా ప్రకటించింది, క్షమాపణ చెప్పింది.

ఆ రోజు మన ఇళ్లలో ఎవరైనా “పాపం, వాళ్లు సరదాకి అన్నారేమో, ఉద్దేశం చూడాలి” అన్నారా? అనలేదు. మనవాడికి తగిలితే దెబ్బ చూస్తాం. మనవాడు కొడితే ఉద్దేశం చూస్తాం. సిరాజ్‌ను అన్నవాళ్లు, సామీని పిలిచినవాళ్లు ఒకటే అని నేను చెప్పడం లేదు. ఒకరు గేలి చేశారు, ఇంకొకరు స్నేహంగా పిలిచారు. కానీ కొలిచే బద్ద ఒకటే ఉండాలి. విన్నవాళ్ల బాధను అక్కడ లెక్కలోకి తీసుకుంటే ఇక్కడా తీసుకోవాలి.

మరి ఉద్దేశానికి చోటెక్కడ?

ఉద్దేశం అసలు లెక్కే కాదంటే అదీ అన్యాయమే. మన చట్టమే ఉద్దేశాన్ని చూస్తుంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. కించపరచాలనే ఉద్దేశంతో, నలుగురికీ కనిపించే చోట, ఎస్సీ లేదా ఎస్టీ వ్యక్తిని అవమానించడం అందులో నేరం. కాబట్టి శిక్ష వేసే ముందు కోర్టు మనసులో ఏముందో తేల్చాలి.

అయితే ఆ మనసును ఎలా తెలుసుకుంటారు? “నేను అనుకోలేదు” అని చెప్పగానే వదిలేస్తారా? స్వరణ్ సింగ్ కేసులో 2008లో సుప్రీంకోర్టు చెప్పినది ఇక్కడ బాగా ఉపయోగపడుతుంది. ఒక కులం పేరుతో పిలవడం గురించిన కేసు అది. ఆ పదం ఎక్కడ పుట్టింది, మూలార్థం ఏమిటి అన్నది కాదు, ఈ రోజు జనం దాన్ని ఏ అర్థంలో వాడుతున్నారో చూడాలని కోర్టు అంది. అవమానించే ఉద్దేశం ఉందా లేదా అన్నది ఆ మాట వాడిన సందర్భాన్ని బట్టి తేలుతుందని కూడా చెప్పింది. మూలార్థం వెనక దాక్కోవడం కుదరదు, సందర్భం చూడకుండా నేరం మోపడమూ కుదరదు. రెండు వైపులా న్యాయం చేసే మాట ఇది.

ఫుట్‌బాల్‌లో ఇంకో చిక్కు కేసు ఉంది. ఉరుగ్వే ఆటగాడు ఎడిన్సన్ కవానీ 2020 నవంబర్‌లో, మాంచెస్టర్ యునైటెడ్‌కు ఆడుతున్నప్పుడు, అభినందించిన స్నేహితుడికి ఇన్‌స్టాగ్రామ్‌లో స్పానిష్‌లో థ్యాంక్స్ చెప్పాడు. అందులో వాడిన మాటకు ‘నల్లోడా’ అని అర్థం. వాళ్ల దేశంలో అది ముద్దుగా పిలుచుకునే మాట. ఇంగ్లాండ్‌లో చదివినవాళ్లకు అది జాతిని సూచించే మాట. అతనికి జాత్యహంకారం లేదని విచారణ జరిపినవాళ్లు ఒప్పుకున్నారు. అయినా మూడు మ్యాచ్‌ల నిషేధం, లక్ష పౌండ్ల జరిమానా పడ్డాయి. ఉరుగ్వే భాషా అకాడమీ దీన్ని తప్పుపట్టింది, తమ భాష, సంస్కృతి తెలియక వేసిన శిక్ష అంది. నాకూ ఆ శిక్ష ఎక్కువే అనిపిస్తుంది. కానీ కవానీ చేసింది చూడండి. వెంటనే పోస్టు తీసేశాడు, క్షమాపణ చెప్పాడు, శిక్షను ఒప్పుకున్నాడు.

ఇవన్నీ కలిపి చూస్తే మనం ఒక్క ప్రశ్నలో మూడు ప్రశ్నలు కలిపేస్తున్నామని తెలుస్తుంది. విడదీస్తే పిల్లలకు కూడా సులభంగా అర్థమవుతుంది.

మొదటిది: అన్నవాళ్లను ఎంత తప్పుపట్టాలి? ఇక్కడ ఉద్దేశమే ముఖ్యం. తెలియక అన్నవాళ్లనూ, కావాలని అన్నవాళ్లనూ ఒకే గాటన కట్టకూడదు.

రెండోది: విన్నవాళ్లకు బాధ కలిగిందా? ఇక్కడ ఉద్దేశానికి పని లేదు. చూసుకోకుండా కాలు తొక్కినా నొప్పి నొప్పే. నొప్పి ఉందో లేదో తొక్కినవాళ్లు చెప్పలేరు.

మూడోది: ఆ మాటను మళ్లీ వాడవచ్చా? తెలియక ఒకసారి అన్నది పొరపాటు. తెలిశాక కూడా అంటే, అప్పుడు అదే ఉద్దేశం అవుతుంది.

మైకు ఉన్నవాళ్లకు ఎక్కువ బాధ్యత

మామూలు మనిషి అన్న మాట నలుగురి మధ్య ఆగిపోతుంది. స్టార్ అన్న మాట కోదాడ స్కూల్ బస్సు దాకా వస్తుంది. వాళ్లు ఏ భావంతో అన్నారన్నది రాదు, మాట ఒక్కటే వస్తుంది. ఆరో తరగతి పిల్లాడు దాన్ని పక్క సీటులోని పిల్లాడి మీద వాడేటప్పుడు అందులో నటుడి ఆవేదన ఉండదు, వెక్కిరింత మాత్రమే ఉంటుంది. అందుకే పెద్ద పేరు ఉన్నవాళ్ల దగ్గర “నా ఉద్దేశం మంచిది” అనే జవాబు సగం జవాబే.

కానీ ఒక్క విషయం మరచిపోవద్దు. మన పిల్లలకు మొదటి సెలబ్రిటీలు అమ్మానాన్నలు, ఆ తర్వాత టీచర్లు. పెళ్లిచూపుల గురించి మాట్లాడుతూ “పిల్ల బాగుంది కానీ కలర్ తక్కువ” అంటాం. గోల చేస్తున్న పిల్లల్ని “ఏంటా అరుపులు, లంబాడోళ్ల లెక్క” అంటాం. ఈశాన్య రాష్ట్రాల వాళ్లనూ, నేపాల్ నుంచి వచ్చిన వాచ్‌మన్‌నూ కళ్లను బట్టి పేరు పెట్టి పిలుస్తాం. నల్లగా ఉన్న బిడ్డను ముద్దుగానే “కర్రోడా” అంటాం. వీటిలో ఎక్కడా మనకు చెడు ఉద్దేశం ఉండదు. అదే కదా అసలు సమస్య. ఉద్దేశం లేకుండానే ఇవన్నీ పిల్లల నోటికి చేరతాయి.

ఇంట్లో ఏం చేయవచ్చు?

మాట వినగానే కొట్టడం, తిట్టడం వద్దు. తెలియక అన్నారేమో ముందు అడగండి. “ఈ మాటకు అర్థం తెలుసా? ఎక్కడ విన్నావు?” అనే రెండు ప్రశ్నలతో మొదలుపెడితే పిల్లలు అబద్ధం ఆడాల్సిన అవసరం రాదు.

అర్థం, చరిత్ర చెప్పండి. “ఆ మాట తప్పు” అంటే రెండు రోజుల్లో మరచిపోతారు. నేర జాతుల చట్టం గురించి చెబితే గుర్తుంటుంది.

క్షమాపణ చెప్పడం నేర్పండి. “నువ్వు ఫీలై ఉంటే సారీ” అనేది క్షమాపణ కాదు. అందులో తప్పు ఫీలైనవాళ్ల మీదికే పోతుంది. “నేను ఈ మాట అన్నాను. అది నిన్ను బాధపెట్టింది. ఇక అనను.” ఈ మూడు వాక్యాలు చాలు. “నా ఉద్దేశం అది కాదు” అని చెప్పుకోవాలనిపిస్తే వీటి తర్వాత చెప్పమనండి, వీటికి బదులుగా కాదు.

మీ బిడ్డే మాట పడి వస్తే, “లైట్ తీసుకో” అనకండి. ముందు పూర్తిగా వినండి. తర్వాత క్లాస్ టీచర్‌కు ఒక ఫోన్ చేయండి. అవతలి పిల్లాడిని దోషిగా నిలబెట్టడానికి కాదు, ఆ మాట అక్కడితో ఆగడానికి.

క్షమాపణ చెప్పాక దాన్ని ఒప్పుకోవడమూ నేర్పండి. మాట మార్చుకున్న పిల్లాడిని ఏడాదంతా అదే మాటతో ఎత్తిపొడిస్తే ఇంకెవరూ తప్పు ఒప్పుకోరు. నటుల విషయంలోనూ అంతే. విచారం వ్యక్తం చేసిన మనిషిని జీవితాంతం ట్రోల్ చేయడం వల్ల గిరిజన బిడ్డలకు ఒరిగేదేమీ లేదు.

ఈ నెల ఒక చిన్న పని చేద్దాం. ఒక రోజు భోజనాల దగ్గర ఇంట్లో అందరూ కలిసి, మనం అలవాటుగా వాడే ఇలాంటి మాటలు రెండు గుర్తు చేసుకోండి. వాటి బదులు ఏమనాలో పిల్లలనే చెప్పమనండి. పిల్లలు తెచ్చిన కొత్త మాటలను వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో మాకు చెప్పండి. క్లాసులో చార్టు మీద రాసి పెడతాం. పెద్దవాళ్ల పాత మాట ఒకటి పిల్లల చేత ఆగిపోతే, అంతకంటే మంచి ప్రాజెక్ట్ వర్క్ ఏముంటుంది?

ఇట్లు,
మీ పిల్లల ఇంగ్లీష్ టీచర్